పొడి చీపురు

1938 ఫిబ్రవరి 7, సోమవారం

కొండమ్మ నిన్న తెల్లవారుతుండగా పోయిందట. పొద్దున షెడ్డు తాళం తీస్తుంటే పాపయ్య మేస్త్రీ వచ్చి చెప్పాడు. పలకల షెడ్డు ఊడ్చే మనిషి కాబట్టి హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టి పక్కన తేదీ వేశాను. గీత వంకర వచ్చింది. నా చేతి గీత వంకర రావడం అరుదు.

క్షయ అంటున్నారు. ఆ వయసుకు, ఆ తిండికి, క్షయే అయి ఉంటుంది.

గిద్దలూరు రైల్వే గూడ్సు ఆఫీసులో ఉన్న రోజుల్లో డైరీ రాసేవాణ్ణి. మార్కాపురం వచ్చి ఈ పలకల కార్ఖానాకు మేనేజరునయ్యాక మానేశాను. ఇవాళ బీరువాలో పాత నోటుపుస్తకం కనబడితే బయటకు తీశాను. ఎవరికీ చూపించేది కాదు. బరువు దించుకోవడానికి రాసుకుంటారట జనం. నాకు బరువేమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

ఫిబ్రవరి 8

చావు ఖర్చులకు వహాబు సాయిబు గారు ఏదో పంపించారు. యజమాని అంటే అలా ఉండాలి. నన్ను కూడా ఒకసారి వెళ్ళి పలకరించి రమ్మన్నారు. పెట్టెలు కట్టే పని నెత్తి మీద ఉంది. వెళ్ళలేదు.

ఫిబ్రవరి 10

మద్రాసు నుంచి పలకలు కొనే కంపెనీ మనిషి వచ్చాడు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఎన్ని పెట్టెలు పంపగలమో, సరుకు ఎలా ఉంటుందో చూసి ఆర్డరు తేల్చుకోవడానికి. షెడ్డు చూపించే పని సాయిబు గారు నాకే అప్పజెప్పారు. చెప్పవలసిందంతా చెప్పాను, బాగా చెప్పాను.

మూడేళ్ళ కింద నేను వచ్చేటప్పటికి ఈ షెడ్డు గొడ్లచావిడిలా ఉండేది. ఉలి కావాలంటే పావుగంట వెతకాలి. సుత్తి నాదంటే నాదని ఇద్దరు కలబడిన రోజులున్నాయి. నేను గోడ పొడుగునా మేకులు కొట్టించి, ఒక్కో పనిముట్టునూ తగిలించి, దాని చుట్టూ సున్నంతో గీత గీశాను. ఉలికి ఉలి ఆకారం, రంపానికి రంపం ఆకారం. సాయంత్రం గంట కొట్టాక ఏ గీత ఖాళీగా ఉంటే ఆ వస్తువు పోయినట్టు. చదువు రానివాడికీ అర్థమవుతుంది.

తరవాత దుమ్ము సంగతి. చీల్చిన రాయిని గీకి నున్నగా చేస్తుంటే లేచే దుమ్ము పలకకూ పలకకూ మధ్య చేరుతుంది. దొంతర కదిలినప్పుడల్లా గీతలు పడతాయి. పిల్లవాడు 'అ' దిద్దకముందే పలక మీద వంద గీతలు. అందుకని రోజుకు నాలుగుసార్లు ఊడిపించడం మొదలుపెట్టాను. గాలికి దుమ్ము రేగకుండా కిటికీలకు గోనెపట్టాలు కట్టించాను. నూటికి పాతిక పలకలు పారేసేవాళ్ళం. ఇప్పుడు ఆరు.

మద్రాసాయన వంగి నేల మీద వేలు రాసి చూసుకున్నాడు. నీళ్ళు చల్లకుండానే ఇంత బాగా ఎట్లా ఊడుస్తారని అడిగాడు. తడి తగిలితే పలక మరక పడుతుందని, పైగా గుండ్లకమ్మ చెలమల నుంచి బండి మీద వచ్చే నీళ్ళు తాగడానికే చాలవని, షెడ్డులో నీళ్ళు వాడకూడదని యజమాని ఆజ్ఞ అని చెప్పాను. సాయిబు గారు అప్పుడు పెట్టెల వైపు ఉన్నారు.

ఊడ్చే మనిషి ఎవరని కూడా అడిగాడు. సెలవులో ఉందని చెప్పాను.

ఫిబ్రవరి 12

గోడ వరసలో చిట్టచివరిది చీపురు. దాని గీత కూడా నేనే గీశాను. పెట్టెలు సర్దే ఆడవాళ్ళలో ఒకామెను ఊడవమంటే, ఆ గోడ దాకా వెళ్ళి, చీపురు చూసి, చేతులు కొంగుకు తుడుచుకుని వెనక్కు వచ్చేసింది. ఇంకొకామె అసలు లేవనే లేదు.

పాపయ్యను పిలిచి గట్టిగా అడిగాను. ముప్ఫయ్యేళ్ళుగా రాయి చీలుస్తున్నవాడు, నాకు ఎదురు చెప్పడు. "పోయినోళ్ళ చీపురయ్యా అది. మావోళ్ళు ముట్టరు," అన్నాడు.

కొత్త ఈత చీపురు తెప్పించాను. తగిలించడానికి మేకు లేదు. పాతది తీసి పారేద్దామని నేనే వెళ్ళాను. ఈనెలు సగానికి అరిగిపోయి ఒక పక్కకు వంగి ఉన్నాయి, కుడిచేత్తో ఊడ్చిన వంపు. ఈనెల మధ్య బూడిదరంగు దుమ్ము ఇంకా ఉంది. ఇంతలో ఏదో పని గుర్తుకొచ్చి వచ్చేశాను.

కొత్తది మూలకు ఆనించి ఉంది. ఈ కార్ఖానాలో చోటు లేని వస్తువు అదొక్కటే.

ఫిబ్రవరి 14

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయిన వేళ షెడ్డులో చీపురు చప్పుడు విన్నాను. గాలికి గోనెపట్టా గోడను రాసుకుని ఉంటుంది.

ఫిబ్రవరి 15

ఇవాళ గాలి లేదు.

ఫిబ్రవరి 17

కొండమ్మ కూతురు ఆదెమ్మ వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. నిలబడే తీరు తల్లిదే, ఒక భుజం కొంచెం కిందికి. మగడు గొర్రెల్ని తోలుకుని పుల్లలచెరువు అవతల అడవి వైపు పోయాడట, వానలు పడితేగాని రాడట. అమ్మ పని తనకిమ్మని అడిగింది.

చూస్తానన్నాను. పని ఖాళీగానే ఉంది గదా అంది. సాయిబు గారిని అడగాలన్నాను. ఊడ్చే మనిషిని పెట్టుకోవడానికి నేనెప్పుడూ ఆయన్ను అడిగింది లేదు. ఆదెమ్మ నన్ను ఓ నిమిషం చూసి, "సరే అయ్యా, రేపొస్తా," అని వెళ్ళిపోయింది.

ఆ పిల్ల వద్దు. ఎందుకు వద్దో నాకు తెలుసు. తెలియకేమి? చిన్న పిల్ల. ఇంకేదైనా పని చూసుకుంటే మంచిది. అంతే.

ఫిబ్రవరి 18, శుక్రవారం

సాయిబు గారు నమాజుకు వెళ్ళాక ఫైళ్ళు సర్దాను. 'ఇతరములు' అనే ఫైల్లో కొండమ్మ చీటీ ఉంది. దాన్ని 'వచ్చిన ఉత్తరాలు'లోకి మార్చాను. కాసేపటికి, అది మాకు వచ్చిన ఉత్తరం కాదు గదా అనిపించి తీసేశాను. కూలీల పట్టీలో పెడదామంటే అందులో ఆమె పేరు మీద గీత ఉంది. చివరకు సొరుగులో, సిరా అద్దుడు కాగితాల కింద పెట్టాను.

పోయిన నవంబరులో ఆమె మిషను ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. అక్కడి డాక్టరమ్మ ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీ అది. చదివి చెప్పమని నా దగ్గరకు తెచ్చింది. చదివి చెప్పాను. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవాలనీ, పాలు, గుడ్లు తినాలనీ ఉంది. అందులో ఆ మాటలు ఉన్నాయి. అబద్ధం కాదు.

నీ దగ్గర చినిగిపోతుంది, నా దగ్గర ఉంచుతానన్నాను. ఇచ్చేసింది.

ఫిబ్రవరి 21

ఆదెమ్మ మూడు రోజులు వరుసగా వచ్చింది. రేపు రమ్మని మూడుసార్లూ చెప్పాను.

పొద్దున తాళం తీసేసరికి, కొండమ్మ భోజనం చేసే మూల శుభ్రంగా ఊడ్చి ఉంది. మిగతా షెడ్డంతా అంగుళం మందాన దుమ్ము, ఆ మూల మాత్రం చీపురు చారలు. వెనక తడిక వైపు నుంచి మనిషి దూరి రాగలడని పాపయ్య అన్నాడు. ఎవడొస్తాడు, ఊడవడానికి? దొంగతనానికి వచ్చేవాడు ఊడ్చి పోతాడా?

నేను నవ్వాను. పాపయ్య నవ్వలేదు.

ఫిబ్రవరి 22

విన్నాను. మధ్యాహ్నం. స్‌, స్‌, అని రెండు పొడుగు ఊపులు, ఒక పొట్టి ఊపు. కొండమ్మ అలాగే ఊడ్చేది. మూడో ఊపు దగ్గర దగ్గేది.

దగ్గు వినపడలేదు. వినపడితే బాగుండేదనిపించింది, ఎందుకో.

ఫిబ్రవరి 23

ఇవాళ ఇంట్లో గొడవ చేశాను. సిగ్గుగా ఉంది.

పొద్దున సౌభాగ్యమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. చెంబులోంచి దోసిట్లోకి, దోసిట్లోంచి నేల మీదికి. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళ నుంచీ వింటున్న చప్పుడే. ఇవాళ మంచం మీద ఉండలేకపోయాను. బయటకు వచ్చి, రేపటి నుంచి నీళ్ళు చల్లవద్దని, ఎండాకాలం వస్తోందని, ఊరంతా నీళ్ళకు అల్లాడుతుంటే మనకు ఈ సోకేమిటని అరిచాను.

ఆమె చెంబు పట్టుకుని నా వైపు తిరిగింది. మెల్లగా అంది: "నీళ్ళు జల్లకుండా ఎట్ల ఊడ్చేది? దుమ్మంతా నా నోట్లోకే గదా వచ్చేది."

తిరిగి చల్లుకుంటూ పోయింది. ఏమీ తెలియని మనిషి. రెండో క్లాసు కూడా చదవలేదు. నేను వాకిట్లో చాలాసేపు నిలబడి ఉన్నాను.

ఫిబ్రవరి 26

నూటికి పదిహేడు పలకలు పోయాయి. పదిహేడు! పేర్చిన దొంతర తీస్తే గీతలే గీతలు. మగవాళ్ళ చేత ఊడిపిస్తే గుట్టలు అటువి ఇటు చేస్తున్నారు తప్ప నేల కనబడటం లేదు. దుమ్ము మీద దుమ్ము. ఉలి గీతలో సుత్తి వేలాడుతోంది. నేను చూస్తే సర్దుతున్నారు, తిరిగితే మళ్ళీ మామూలే. మూడేళ్ళు కట్టినది ఇరవై రోజుల్లో కారిపోతోంది.

సాయిబు గారు ఒక పలక తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఊడ్చే మనిషిని ఎందుకు పెట్టలేదని అడిగారు. సరైన మనిషి దొరకలేదన్నాను.

"కొండమ్మ కూతురు వచ్చి నన్ను అడిగింది, రావుగారూ. సోమవారం నుంచి రమ్మన్నాను. మీరు ఏందో ఆలస్యం చేస్తున్నారంట," అన్నారు.

ఇక నా చేతుల్లో లేదు. యజమాని మాట. నేను చేయగలిగిందేమీ లేదు. ఈ వాక్యం రెండుసార్లు రాసి ఒకటి కొట్టేశాను.

ఫిబ్రవరి 28, సోమవారం

ఆదెమ్మ పనిలోకి వచ్చింది. తల్లి చీపురు దగ్గరకు తిన్నగా వెళ్ళి, మేకు మీద నుంచి తీసి, రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. అందరూ పని ఆపి చూశారు. పాత చీపురు మూల పెట్టి కొత్తది తీసుకుంది. ముక్కుకూ నోటికీ కొంగు బిగించి కట్టుకుంది. నాలుగుసార్లు ఊడ్చింది.

నీళ్ళు అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండేది, అడిగితే నేను సరేననేవాణ్ణేమో.

కిటికీ పట్టాల సందుల్లోంచి వచ్చే ఎండలో దుమ్ము నిలబడి ఉంది. ఆ దుమ్ములో ఆ పిల్ల వంగి ఉంది. గంట కొట్టాక చీపురుది తప్ప గోడ మీద గీతలన్నీ నిండి ఉన్నాయి. మద్రాసాయన ఉంటే మెచ్చుకునేవాడు.

సాయంత్రం ఒకసారి దగ్గింది. ఒక్కసారే.

మార్చి 1

ఇక్కడైనా నిజం రాయాలి. ఎవరూ చదవని చోట కూడా అబద్ధం రాస్తే నేను ఇక దేనికీ పనికిరాను.

సాయిబు గారు నీళ్ళు వాడకూడదని ఎన్నడూ చెప్పలేదు. చెప్పింది నేను. నేను చేరిన మొదటి వారం, కొండమ్మ ఇంట్లో చేసినట్టే చెంబుతో నీళ్ళు చల్లి ఊడ్చింది. ఒక దొంతర అడుగున తడి చేరి పదో పన్నెండో పలకలు మరకపడ్డాయి. సాయిబు గారు చూసి, "ఏంది రావుగారూ, పలకలకు స్నానం జేయిస్తున్నారా?" అన్నారు. హాస్యానికే అన్నారు. మేస్త్రీలంతా నవ్వారు. నేను కొత్త మేనేజర్ని. ఆ నవ్వు నా ఒళ్ళు మండించింది. కొండమ్మను పిలిచి, ఇక ఈ షెడ్డులో నీటిచుక్క కనబడితే ఆ రోజే నీ పని సరి, అన్నాను. దొంతరల కింద నాలుగు చెక్కలు వేసి ఎత్తు చేయించి ఉంటే సరిపోయేది. ఆ మాట ఆ రోజే తోచింది. పన్నెండు పలకల కోసం చెక్కలా అనుకున్నాను. కాదు. నవ్వినవాళ్ళ ముందు మాట మార్చుకోవడం ఇష్టం లేకపోయింది.

ఆమె మూడుసార్లు అడిగింది. మొదటిసారి ఆ వేసవిలోనే. రెండోసారి కిటికీలకు పట్టాలు కట్టించినప్పుడు, "అయ్యా, గాలన్నా రానీ, నీళ్ళన్నా చల్లనీ," అంది. దుమ్ముకు మనుషులు చస్తే ఈ దేశంలో రైతన్నవాడు మిగలడని వేళాకోళం చేశాను. మా నాయన దుమ్ములోనే డెబ్భై ఏళ్ళు బతికాడని కూడా చెప్పాను. మూడోసారి పోయిన ఏడు దసరా ముందు. అప్పటికే దగ్గు. ఆ రోజు నేను జవాబే ఇవ్వలేదు, పలకలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఆ తరవాత చీటీ వచ్చింది. అందులో పాలు, గుడ్లు చివరి వాక్యం. మొదటి రెండు వాక్యాలు వేరు. 'ఈమె రాతిదుమ్ములో పని చేయకూడదు. చేయక తప్పకపోతే నేల తడిపి ఊడవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి.' ఆ రెండూ చదివాను. కళ్ళతో చదివాను. నోటితో చివరిది ఒక్కటే చదివాను. ఆమె నా ముందు చేతులు కట్టుకుని నిలబడి నా నోటి వైపే చూస్తోంది.

చదవడం అయ్యాక, "అంతేనా అయ్యా?" అంది.

అంతే, అన్నాను.

మార్చి 2

చీపురు చప్పుడు. ఇవాళ షెడ్డులో కాదు, ఇంట్లో. అన్నం తింటూ విన్నాను. సౌభాగ్యమ్మ నాకెదురుగా కూర్చుని వడ్డిస్తోంది.

మార్చి 3

ఆదెమ్మకు చీటీ చదివి చెప్పాలి. చెబితే పని మానేస్తుంది. మానేస్తే ఆ పిల్ల తినేదేమిటి? కాబట్టి చెప్పకపోవడమే ఆమెకు మేలు. ఈ ముక్క రాశాక పై పేజీలు తిరగేశాను. కొండమ్మకూ అప్పుడు ఇట్లాగే అనుకున్నాను.

మార్చి 4, శుక్రవారం

ఒక పూట సెలవు. అందరూ వెళ్ళాక ఆదెమ్మను ఉండమన్నాను. సొరుగు తీసి చీటీ తెచ్చాను. ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. ఇది మీ అమ్మ నవంబరులో తెచ్చిన కాగితం, నేను సరిగ్గా చదవలేదు, ఇప్పుడు చదువుతాను విను అన్నాను. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను. రెండో వాక్యం రెండుసార్లు చదివాను.

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే పడాలని సిద్ధమయ్యే నిలబడ్డాను.

"తెలుసయ్యా," అంది.

నాకు అర్థం కాలేదు. మీ అమ్మకు చదువు రాదు గదా అన్నాను.

"డాక్టరమ్మ నోటితో జెప్పింది గదా. పక్కనుండే నర్సమ్మ తెలుగులో ఇడమరిచి జెప్పింది. నేనూ ఉన్నా ఆడ. ఈ కాయితం మీ మేనేజరయ్యకు ఇయ్యి, నీళ్ళు చల్లనిస్తాడు అనింది."

మరి నా దగ్గరకు తెచ్చి చదవమని ఎందుకు అడిగిందని అడిగాను. అడిగేటప్పటికే జవాబు నాకు తెలిసిపోయింది. అయినా అడిగాను.

"నువ్వేం జదువుతావో జూద్దామని. మూడుసార్లు అడిగితే కాదంటివి. కాయితంలో ఉండేది జదివితే నీ నోటితో నువ్వే జెప్పినట్టుంటాది, నీ మాట నిలబడతాది అనుకునింది. ఇంటికొచ్చి, పాలు గుడ్లు అని జదివినాడే అని నవ్వింది. ఆ రేత్రి నాతో జెప్పింది, నా తరవాత నువ్వు పనికి పోతే నీళ్ళు మాత్రం అడగొద్దు, అడిగితే పని పోతాది, కొంగు గట్టుకో అని."

నా పరువు పోకుండా నాకొక దారి చూపించింది ఆ మనిషి. చదువు రాని మనిషి. నేను ఆ దారిన పోలేదు.

ఫిబ్రవరిలో పొద్దునపూట వచ్చి ఆ మూల ఊడ్చింది నువ్వేనా అని అడిగాను. తనేనంది. పని చూపిస్తే ఇస్తారనుకుని తడిక సందున దూరి వచ్చిందట. మధ్యాహ్నాలు కూడానా అంటే లేదంది. వచ్చింది ఒక్క రోజేనట.

మార్చి 5

సాయిబు గారి ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని ఉన్నారు. చీటీ ఆయన చేతికిచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పాను. నీళ్ళు వద్దన్నది నేనేనని, మద్రాసాయనకు మాత్రం అది మీ ఆజ్ఞ అని చెప్పానని, కాగితం తప్పు చదివానని. నా ఉద్యోగం తీసేయమన్నాను. తీసేస్తే బాగుంటుందని నిజంగా అనుకున్నాను.

ఆయన చీటీ రెండు వైపులా తిప్పి చూశారు. 

"ఎన్ని నీళ్ళు గావాలి రోజుకు?"

రెండు బిందెలు సరిపోతాయన్నాను.

"రెండు బిందెలేనా?"

బండివాడికి చెప్పిస్తానని, కిటికీల పట్టాలు విప్పించమని, సోమవారం తొందరగా రమ్మని చెప్పారు. ఉద్యోగం తీయలేదు. అది దయో శిక్షో నాకు తెలియలేదు. మెట్లు దిగుతుంటే లోపల ఎవరో గంగాళంలో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది. రెండు బిందెలు. మూడేళ్ళు.

మార్చి 7, సోమవారం

దొంతరల కింద చెక్కలు వేయించాను. పట్టాలు విప్పించాను. ఎండ నిండుగా లోపలికి వచ్చేసరికి గోడ మీద సున్నం గీతలు మాసిపోయి కనబడ్డాయి. నీళ్ళబండివాడు వచ్చి ఇత్తడి బిందెలు రెండు దించాడు.

బిందె ఎక్కడ పెట్టాలయ్యా అని పాపయ్య అడిగాడు. వస్తువు వస్తే దానికి చోటు చూపించడం నా పని. చూశాను. ఉలికి ఉంది, సుత్తికి ఉంది, రంపానికి ఉంది, నూనెడబ్బాకూ, తాళంచెవికీ, గంట కొట్టే కర్రకూ ఉంది. మూడేళ్ళు ఈ గోడ చూసి మురిసిపోయాను. బిందెకు చోటు లేదు.

సున్నం తెప్పించి, మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద రెండు సున్నాలు గీశాను. కూలీలు చూస్తూ నిలబడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఏమీ అనిపించేది కాదు.

కొండమ్మ చీపురును ఆదెమ్మ ఇంటికి తీసుకుపోయింది. కొత్తది ఆ మేకుకు తగిలించాం. వెడల్పు ఎక్కువ, పాత గీత లోపల పట్టడం లేదు. గీత చెరిపి మళ్ళీ గీయమంటారా అని పాపయ్య అడిగాడు. వద్దన్నాను. కొత్తదానికి పక్కన ఇంకో మేకు కొట్టించి, ఇంకో గీత గీశాను. పాత గీత ఖాళీగా ఉంది. ఏ గీత ఖాళీగా ఉంటే ఆ వస్తువు పోయినట్టు. ఆ నియమం పెట్టింది నేనే.

మార్చి 12

నూటికి తొమ్మిది. వచ్చే వారానికి ఆరుకు దిగుతుందని పాపయ్య అంటున్నాడు. తడిపి ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ పలకల మీద పడదు గదా, ఇంకా తగ్గినా తగ్గుతుందట. ఐదు, నాలుగు. ఆ లెక్క మూడేళ్ళ కిందే వేసి ఉండవచ్చు. మద్రాసు ఆర్డరు మనకే వచ్చింది. సాయిబు గారు చెబితే విని, మంచిదన్నాను.

మార్చి 15

తడి నేల మీద చీపురు పెద్దగా చప్పుడు చేయదు. మెత్తగా పోతుంది. వారం రోజులుగా షెడ్డు నిశ్శబ్దంగా ఉంది, ఊడ్చేటప్పుడు ఎవరూ దగ్గడం లేదు. అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. ఇవాళ్టితో ఈ నోటుపుస్తకం కట్టిపెట్టేద్దామనుకున్నాను.

సాయంత్రం చివరి ఊడ్పు వేళ బల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకున్నాను. స్‌, స్‌, అని రెండు పొడుగు ఊపులు, ఒక పొట్టి ఊపు. పొడి నేల మీద పొడి చీపురు. మూడో ఊపు దగ్గర దగ్గు.

కళ్ళు తెరిచాను. ఆదెమ్మ ఇంకా చీపురు తీయలేదు. బిందె దగ్గర వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుంటోంది.